మా డాక్యుమెంటరీకి 30 సెకన్ల రేడియో యాడ్: స్క్రిప్టు, ఎడిటింగ్ చూసి చెప్పండి

కొరిటెపాడు కెమెరా
అందరికీ నమస్తే. మాది గుంటూరు, జర్నలిజం ఫైనలియర్. నలుగురం కలిసి 22 నిమిషాల డాక్యుమెంటరీ తీశాం, పేరు 'తొడిమ'. మిర్చి సీజన్లో కోల్డ్ స్టోరేజీల పక్కన షెడ్లలో కూర్చుని కాయలకి తొడిమలు తీసే ఆడవాళ్ళ మీద. సినిమా ఎడిటింగ్ అయిపోయింది. ఇప్పుడు దీనికి 30 సెకన్ల రేడియో యాడ్ చేయాలి. దానికి విడిగా మార్కులున్నాయి, పైగా క్యాంపస్ రేడియోలో నిజంగానే వేస్తామన్నారు. కుదిరితే ఒక లోకల్ ఎఫ్ఎంలో కూడా అడుగుదామనుకుంటున్నాం. ఇదీ మా స్క్రిప్టు:

"ఆసియాలోనే అతిపెద్ద మిర్చి మార్కెట్... మన గుంటూరు! ఈ ఎర్రబంగారం వెనుక దాగిన కన్నీటి గాథ మీకు తెలుసా? ప్రతి మిరపకాయ వెనుకా ఓ శ్రామిక మహిళ చెమట చుక్క ఉంది. పొద్దున్నుంచి రాత్రి దాకా ఘాటులో మగ్గిపోతున్న బతుకుల నిజమైన చిత్రణ... తొడిమ! చూడండి, ఆలోచించండి, స్పందించండి! ఈ శనివారం సాయంత్రం 5 గంటలకు మన కాలేజీ సెమినార్ హాల్లో."

చదివితే 34 సెకన్లు వస్తోంది. వెనకాల వయొలిన్ విషాద సంగీతం పెట్టాం. సినిమాలో ఆడవాళ్ళ మాటలు చాలా బాగున్నాయి, ఒక్క బైటయినా (వాళ్ళ మాటల ముక్క) పెడదామంటే చోటే లేదు. ఏ వాక్యం తీసేయమంటారు?

బ్రాడీపేట 4/14
అన్నీ తీసెయ్యమ్మా. కోపం తెచ్చుకోకు, నేను యాడ్ స్క్రిప్టులు రాసి బతికేవాడిని, అందుకే సూటిగా చెబుతున్నా. ఆసియాలో అతిపెద్ద మార్కెట్ అన్న మాట గుంటూరులో పుట్టినవాడికి ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు. 'కన్నీటి గాథ', 'చెమట చుక్క', 'మగ్గిపోతున్న బతుకులు' అన్నవి ఏ కూలీ గురించయినా, ఏ ఊళ్ళో అయినా అనొచ్చు. నువ్వు ఆ షెడ్డులో కూర్చుని రికార్డు చేసుకొచ్చింది వేరే ఎవరి దగ్గరా లేదు కదా, అది వదిలేసి అందరి దగ్గరా ఉన్న మాటలు పెట్టుకున్నావు. యాడ్‌లో మాట్లాడాల్సింది మీ వ్యాఖ్యాత కాదు, ఆవిడ. ముందు ఆవిడ మాట పెట్టు, మిగిలిన చోటులో మీ మాటలు ఎన్ని పడితే అన్నే.

సినిమాలో అందరూ గుర్తుపెట్టుకునే ఒక్క మాట ఏది? దాన్ని ఇక్కడ రాయి.

టిక్కీ లెక్కలు
మా నాన్న మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం, నేను చిన్నప్పటి నుంచీ అక్కడే తిరుగుతున్నా. ఒక విషయం సరిచేసుకోండి. 'ప్రతి మిరపకాయ వెనుకా' అన్నది నిజం కాదు. యార్డుకి టిక్కీల్లో (బస్తాల్లో) వచ్చేది తొడిమతోనే వస్తుంది, అలాగే అమ్ముడుపోతుంది. కొన్న పార్టీ కారం మిల్లుకో, ఎగుమతికో తొడిమ లేని కాయ కావాలంటేనే ఈ పని చేయిస్తారు. తొడిమ తీసిన కాయకి రేటు ఎక్కువ. తాలు కాయలు (రంగు పోయిన నాసి కాయలు) ఏరడం మళ్ళీ వేరే పని. రేడియోలో వింటే వ్యాపారస్తుడు మొదటి మాటకే 'వీళ్ళకేం తెలుసు' అనేస్తాడు, అక్కడితో మీ సినిమా మీద నమ్మకం పోతుంది.

కొరిటెపాడు కెమెరా
టిక్కీ లెక్కలు గారూ, థాంక్సండీ, ఆ వాక్యం పోయింది.

బ్రాడీపేట అన్నా, మాకు బాగా గుర్తుండిపోయిన బైట్ ఇది. ఆవిడ ఆ రోజు తేజ రకం కాయలు చేస్తున్నారు, చీర మీద వాళ్ళాయన ఫుల్ హ్యాండ్స్ చొక్కా, ముక్కుకి తువ్వాలు. చేతులు ఆపకుండానే మాట్లాడారు:

"ఘాటు అలవాటైపోయింది తల్లీ. పగలు పనిలో ఉంటే ఏం తెలీదు. మేస్త్రీ వచ్చి ఎంతయిందని అడుగుతుంటాడు గదా, చెయ్యి ఆడుతూనే ఉంటది. రాత్రి పడుకున్నాక మొదలవుద్ది దగ్గు. పిల్లలు లెగుస్తారని నోట్లో కొంగు కుక్కుకుంటా."

మొత్తం 17 సెకన్లు. యాడ్‌లో పట్టదని 'ఘాటు అలవాటైపోయింది తల్లీ' వరకు పెడదామని మా టీమ్‌లో ఒకరు అంటున్నారు. 3 సెకన్లలో అయిపోతుంది, గొంతు కూడా అక్కడ బాగుంది.

కాపీరైట్ అక్క
ఆ ఒక్క ముక్క మాత్రం పెట్టకు చెల్లీ! 'అలవాటైపోయింది' దగ్గర కోస్తే ఆవిడకి ఏ ఇబ్బందీ లేదని అర్థం వస్తుంది. ఆవిడ చెప్పింది సరిగ్గా దానికి ఎదురు మాట. సినిమా చూసేవాళ్ళకి తర్వాతి మాట వినబడుతుంది, యాడ్ మాత్రమే విన్నవాళ్ళకి వినబడదు. యాడ్ వినేవాళ్ళే ఎక్కువమంది. 17 సెకన్లని తగ్గించుకో, కానీ మొదలూ చివరా రెండూ ఉండాలి.

ఇంకొకటి. డాక్యుమెంటరీకి ఆవిడ ఒప్పుకున్నారు సరే, యాడ్‌కి ఒప్పుకున్నారా? హాల్లో వంద మంది చూడటం వేరు, మేస్త్రీ ఆటోలో పోతూ వినడం వేరు. పేరు చెప్పకపోయినా గొంతు గుర్తుపడతారు. వెళ్ళి వినిపించి అడుగు. ఒప్పుకుంటే ఆ మాట కూడా రికార్డు చేసి పెట్టుకో.

ఆ వయొలిన్ ఎక్కడిది?

కొరిటెపాడు కెమెరా
ఒక పాత సినిమా పాట మొదట్లో వచ్చే బిట్ అక్కా. స్టూడెంట్ వర్క్ కదా, పర్లేదన్నారు.

కాపీరైట్ అక్క
క్లాసులో మాస్టారికి వినిపించడం వరకు సరే. ప్రసారం చేసినా, వాట్సాప్‌లో ఊరంతా తిప్పినా అది వేరే లెక్క. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. దాని ప్రకారం సౌండ్ రికార్డింగుకి, అది విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్ళ హక్కు ఉంటుంది. పాట రాసినవాళ్ళకి, బాణీ కట్టినవాళ్ళకి అయితే బతికున్నంతకాలం, పోయాక ఇంకో 60 ఏళ్ళు. అంటే రికార్డు పాతబడినంత మాత్రాన పాట ఎవరిదీ కాకుండా పోదు. 'పది సెకన్లలోపు వాడుకోవచ్చు' అని అందరూ అనేస్తుంటారు, అలాంటి రూలేం చట్టంలో లేదు. ఉచితంగా వాడుకోనిచ్చే లైబ్రరీల్లోంచి తీసుకో, లైసెన్సులో పేరు వేయాలని ఉంటే ఎక్కడ వేస్తావో ముందే చూసుకో. 30 సెకన్ల యాడ్‌లో ఆ పేరు చదివే తీరిక ఉండదు.

ఫేడర్ బాబాయ్
అసలు సంగీతమెందుకమ్మా? షెడ్డు చప్పుడు ఉంది కదా. గవర్నరుపేటలో స్టూడియో నడుపుతున్నాను, చేసేవన్నీ బట్టల షాపుల యాడ్లూ, కాలేజీ అడ్మిషన్ల యాడ్లే. వాటికి మ్యూజిక్ తప్పదు, ఎందుకంటే వెనకాల వినిపించడానికి వేరే ఏమీ ఉండదు. నీ దగ్గర నిజం చప్పుడు ఉన్నప్పుడు వయొలిన్ పెట్టి వినేవాడిని ఏడవమని అడగడమెందుకు? మనుషులు మాట్లాడకుండా ఉన్నప్పటి షెడ్డు సౌండు విడిగా తీసుకున్నారా? కనీసం అర నిమిషం ఉన్నా చాలు.

కొరిటెపాడు కెమెరా
ఉంది బాబాయ్, దాదాపు రెండు నిమిషాలు. కాయలు కుప్పలోంచి లాగుతుంటే గలగలమంటాయి, దూరంగా ఎవరో దగ్గుతారు, కాటా దగ్గర కేకలు. కానీ పైన ఫ్యాను, పక్కన కోల్డ్ స్టోరేజీ మోటారు హోరు బాగా ఉంది. తొడిమ తీసే చప్పుడైతే అసలు పడలేదు.

వన్‌టౌన్ హెడ్‌ఫోన్స్
అది ఇంట్లో చేసేయొచ్చు. నాలుగు ఎండుమిరపకాయలు మైకు దగ్గర విరిస్తే చిటుక్ చిటుక్‌మని బ్రహ్మాండంగా వస్తుంది. నేను షార్ట్ ఫిల్మ్స్‌కి అన్నీ ఇలాగే చేస్తా. రేడియోకి ఆ చిటుక్ చాలా ముఖ్యం, కళ్ళకి ఏమీ కనబడదు కదా.

టిక్కీ లెక్కలు
ఆ చప్పుడు అక్కడ రాదు బ్రో. కాయ విరక్కుండా ఉండాలని ముందే నీళ్ళు చల్లి మెత్తబరుస్తారు. అందుకే ఆవిడ రికార్డింగులో ఆ చప్పుడు పడలేదు. చిటుక్‌మని వినిపిస్తే ఆ పని చేసే ఆడవాళ్ళే నవ్వుకుంటారు.

వన్‌టౌన్ హెడ్‌ఫోన్స్
వాళ్ళు నవ్వుకుంటారు సరే, మిగతా ఊరికి అర్థమవ్వాలి కదా? తొడిమ అని పేరు పెట్టి తొడిమ శబ్దం లేకపోతే ఎలా? సినిమాల్లో వాన చప్పుడు కూడా నిజం వాన కాదు.

బ్రాడీపేట 4/14
కథా చిత్రానికి అది చెల్లుతుంది. ఇది నిజం చూపిస్తామని పిలుస్తున్న యాడ్. పిలుపులోనే లేని చప్పుడు పెడితే హాల్లోకి వచ్చాక ఆ చప్పుడు ఏదీ అని వెతుక్కుంటారు. నా ఓటు గలగలకి, దగ్గుకి. ఆ దగ్గు అక్కడ దానంతటదే పడింది చూడు, స్క్రిప్టు రాసుకుని తెచ్చినా అంత కుదరదు.

ఫేడర్ బాబాయ్
నేనూ అదే అంటాను. ఇక ఎడిటింగ్ సంగతి. ఆడాసిటీ సాఫ్ట్‌వేర్‌లో చేస్తున్నారనుకుంటా, చాలు, ఉచితం, ఈ పనికి ఇంకేం అక్కర్లేదు.

ముందు ఆవిడ గొంతు. కింద 100 హెర్ట్జ్ దాకా హైపాస్ (కింది శబ్దాలని ఆపే ఫిల్టర్) పెట్టి కోసెయ్. మన కరెంటు 50 హెర్ట్జ్, మోటారు హోరు అక్కడా, దాని రెట్లు 100, 150 దగ్గరా కూర్చుంటుంది. మొదటిది హైపాస్‌తో పోతుంది, మిగతా వాటికి ఆ ఒక్క చోటే కోసే సన్నటి నాచ్ ఫిల్టర్ వాడు. నాయిస్ రిడక్షన్ మాత్రం కొంచెమే, 6 డీబీ (డెసిబెల్స్) దాటనివ్వకు. ఎక్కువ లాగితే మనిషి బిందెలో మూతి పెట్టి మాట్లాడినట్టుంటుంది. హోరు పూర్తిగా పోవాల్సిన పని కూడా లేదు, ఎలాగూ కింద షెడ్డు సౌండు పరుస్తాం కాబట్టి అతుకు కనబడదు. అదే పొరపాటున గొంతు శుభ్రం చేసి వెనక నిశ్శబ్దం పెట్టావనుకో, ఒక్కో ముక్క మొదలైనప్పుడల్లా హోరు వచ్చి పోతూ ఉంటుంది, అది మామూలు వినేవాడు కూడా పట్టేస్తాడు.

రెండోది, కోతలు. మన మాటలు అచ్చుతో ముగుస్తాయి, ఆ చివరి అచ్చు మెల్లగా సన్నబడుతుంది. ఆటోమేటిక్‌గా సైలెన్స్ తీసేసే టూల్ వాడితే దాన్ని నిశ్శబ్దమనుకుని కొరికేస్తుంది, 'కుక్కుకుంటా' కాస్తా 'కుక్కుకుంట్' అయి కూర్చుంటుంది. చేత్తోనే కోయి, తోక వదిలి కోయి. వాక్యం ముందు ఊపిరి పీల్చిన చప్పుడు ఉంటే ఉంచు. అతికే చోట 10, 15 మిల్లీసెకన్ల క్రాస్‌ఫేడ్ (ఒకటి తగ్గుతుంటే ఇంకోటి పెరగడం) ఇస్తే టిక్కుమనదు.

మేస్త్రీ మాట ఉన్న వాక్యం మొత్తం లేపేయొచ్చు. 'ఏం తెలీదు' తర్వాత 'రాత్రి పడుకున్నాక' అతికితే అర్థం చెడదు, 9 సెకన్లకి వస్తుంది. కానీ రెండు చోట్లా గొంతు స్థాయి ఒకటేనా చూసుకో. ఆవిడ వంగి కాయ తీసుకుంటూ మాట్లాడుంటే రెండోది సన్నగా ఉంటుంది.

కొరిటెపాడు కెమెరా
నిజంగానే రెండోది సన్నగా ఉంది బాబాయ్! ఎలా తెలిసింది?! కాలర్ మైక్ తువ్వాలు కిందకి పోయింది అప్పుడు.

ఫేడర్ బాబాయ్
అయితే దాన్ని 2, 3 డీబీ పెంచి, 3 కిలోహెర్ట్జ్ చుట్టూ ఈక్యూతో కొద్దిగా పెంచు, తువ్వాలు మింగేసింది తిరిగొస్తుంది. మొత్తం ఒకటే స్థాయికి తేవద్దు. కొంగు మాట దగ్గర ఆవిడ గొంతు తగ్గించింది కదా, అది అలాగే ఉండాలి.

పున్నమ్మతోట పాతగొంతు
అమ్మాయీ, నేను విజయవాడ ఆకాశవాణిలో క్యాజువల్ అనౌన్సర్‌గా చేసినదాన్ని. మా కేంద్రం 1948 డిసెంబర్ 1న మొదలైంది. ఉషశ్రీ గారి లాంటి గొంతు ఊళ్ళకి ఊళ్ళని రేడియో ముందు కూర్చోబెట్టింది ఇక్కడి నుంచే. ఆయన ప్రసంగాలు విన్నవాళ్ళకి ఎక్కడ ఆగేవారో ఇప్పటికీ గుర్తు. యూట్యూబ్‌లో దొరుకుతాయి, నీ వ్యాఖ్యాత చేత వినిపించు. ఆయనని అనుకరించమని కాదు, ఆగితే ఏమవుతుందో తెలుసుకోవడానికి.

తెలుగులో తాపీగా చదివితే 30 సెకన్లకి 50 మాటలు దాటవు. ఆవిడ మాటలకి, చప్పుడుకి పోగా మీకు మిగిలేది పాతికే. ఆ పాతికలో రోజు, వేళ, చోటు తప్పనిసరి. రోజూ వేళా రెండుసార్లు చెప్పండి. రేడియో వినేవాళ్ళు వెనక్కి తిప్పి వినలేరు, మొదటిసారి విన్నప్పుడు కూర పోపులో ఉండొచ్చు. 'చూడండి, ఆలోచించండి, స్పందించండి' తీసేయండి, ఏం చేయాలో విన్నవాళ్ళకి వదిలేయండి.

ఎవరు చదువుతున్నారు? ఆవిడది బరువైన గొంతయితే తేలికైన గొంతుతో చదివించు. వార్తల గొంతు వద్దు. కాగితం చూసి కాకుండా ఎదురుగా ఒక మనిషిని కూర్చోబెట్టుకుని వాళ్ళకి చెప్పమను, తేడా నీకే తెలుస్తుంది.

కొరిటెపాడు కెమెరా
అమ్మా, చాలా చాలా థాంక్స్. మేం మా క్లాసులో బాగా గంభీరంగా చదివే అబ్బాయిని అనుకున్నాం, ఇప్పుడు మా టీమ్‌లోనే తెనాలి అమ్మాయి చేత చదివించాం. ఇదిగో కొత్తది:

మొదటి 4 సెకన్లు: షెడ్డు. కాయల గలగల. దూరంగా దగ్గు.
4 నుంచి 13: ఆవిడ. "ఘాటు అలవాటైపోయింది తల్లీ. పగలు పనిలో ఉంటే ఏం తెలీదు. రాత్రి పడుకున్నాక మొదలవుద్ది దగ్గు. పిల్లలు లెగుస్తారని నోట్లో కొంగు కుక్కుకుంటా."
ఒకటిన్నర సెకను వట్టి షెడ్డు.
తర్వాత మా అమ్మాయి: "తొడిమ తీసిన మిర్చికి రేటు ఎక్కువ. తీసిన చేతులకి?"
చిన్న విరామం. "తొడిమ. విద్యార్థుల డాక్యుమెంటరీ. ఈ శనివారం, సాయంత్రం 5 గంటలకి, మన కాలేజీ సెమినార్ హాల్లో. టికెట్ లేదు. శనివారం, సాయంత్రం 5."
చివర ఒక సెకను గలగల, కట్.

29 సెకన్లు వచ్చింది!

బ్రాడీపేట 4/14
ఇప్పుడు కుదిరింది. 'తీసిన చేతులకి?' దగ్గర గొంతు పైకి లేపొద్దని చెప్పు, మామూలుగా అడగమను.

టిక్కీ లెక్కలు
వ్యాపారస్తుల ఇంట్లో పుట్టినవాడిగా ఆ ప్రశ్న నాకు గుచ్చుకుంది. మార్చొద్దు. శనివారం మా నాన్నని తీసుకొస్తా.

బెజవాడ ఎఫ్ఎం పిల్ల
ఒక ప్రైవేట్ ఎఫ్ఎంలో ప్రొడక్షన్ చూస్తాను. మీరు లోకల్ ఎఫ్ఎంలో అడుగుతామన్నారు కాబట్టి ఇవి చూసుకోండి. రేడియోలో టైమ్ 10 సెకన్ల లెక్కన అమ్ముతారు, 30 దాటితే ఖర్చు పెరగొచ్చు. మీ 29 బాగుంది, అక్కడే ఉంచండి. 'మన కాలేజీ' అన్నది క్యాంపస్‌లో సరే, ఎఫ్ఎంకి కాలేజీ పేరు, పక్కన ఏ సెంటరో చెప్పాలి. కాబట్టి రెండు వెర్షన్లు చేసుకోండి, మీ అమ్మాయి చేత ఆ లైను ఇప్పుడే, అదే గదిలో, అదే మైకుతో చదివించి పెట్టుకోండి. తర్వాత చదివితే గది మారినట్టు తెలిసిపోతుంది.

మిక్స్: గొంతు కింద షెడ్డు సౌండు 12 నుంచి 15 డీబీ తక్కువలో ఉండాలి. గొంతు వచ్చినప్పుడు వెనక సౌండుని దానంతటదే తగ్గించే ఆటో డక్ వదిలేసి, సౌండు స్థాయిని ఎన్వలప్ టూల్‌తో చేత్తో గీయండి, ఆటో డక్ ఆ దగ్గుని కూడా మింగేస్తుంది. మొత్తం లౌడ్‌నెస్ వాట్సాప్‌కి మైనస్ 16 ఎల్‌యూఎఫ్ఎస్ (వినిపించే గట్టిదనానికి కొలత), పీక్ మైనస్ 1 డీబీ దగ్గర ఆపండి. గట్టిగా వినబడాలని ఇంకా నొక్కేయొద్దు, స్టేషన్ దగ్గర ప్రాసెసర్ మళ్ళీ నొక్కుతుంది, రెండుసార్లు నలిగితే 'స', 'శ'లు చెవిలో గీరతాయి. ఎఫ్ఎంలో 15 కిలోహెర్ట్జ్ పైన ఏమీ వెళ్ళదు, కాబట్టి మీ హెడ్‌ఫోన్స్‌లో వినిపించే మెరుపుని నమ్ముకోవద్దు. మోనో చేసి ఫోన్ స్పీకర్లో వినండి. అక్కడ కొంగు మాట అర్థమైతే అన్నిచోట్లా అర్థమవుతుంది. ఇచ్చేటప్పుడు 48 కిలోహెర్ట్జ్ వేవ్ (WAV) ఫైలు ఇవ్వండి, వాట్సాప్‌లో ఆడియోగా పంపకండి, కుదించేస్తుంది. డాక్యుమెంట్‌గా పంపితే అలాగే ఉంటుంది.

వన్‌టౌన్ హెడ్‌ఫోన్స్
చిటుక్ లేకుండానే బాగుంది, ఒప్పుకుంటున్నా. ఒక్క డౌట్, మొదట 4 సెకన్లు మాటల్లేకుండా ఉంటే స్టేషన్ మార్చేయరా?

బెజవాడ ఎఫ్ఎం పిల్ల
ముందు వెనకా అరుస్తున్న యాడ్ల మధ్య ఒక్కసారిగా అరుపు ఆగితే చెవి అటే పోతుంది. కానీ 4 ఎక్కువే. గలగల 1 సెకను, దగ్గు, వెంటనే ఆవిడ. రెండున్నరలో ముగించండి. మిగిలిన ఒకటిన్నర సెకను చివర్లో రోజూ వేళా చెప్పేచోట ఇవ్వండి, అక్కడ ఇంకా పరుగు ఉంది.

కాపీరైట్ అక్క
ఆవిడకి వినిపించారా?

కొరిటెపాడు కెమెరా
వినిపించాం అక్కా, ఇవాళ మధ్యాహ్నం అన్నం వేళకి షెడ్డుకి వెళ్ళి. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని రెండుసార్లు విన్నారు. మేస్త్రీ మాట లేదని మేం చెప్పకముందే గమనించారు, అది తీసేయడమే మంచిదన్నారు. దగ్గు మాట ఉంచమన్నారు. 'తల్లీ' అని నన్ను పిలిచింది తీసేద్దామా అని అడిగితే, ఎందుకు, ఉండనీ అన్నారు. పక్కన కూర్చున్న ఆవిడ మాత్రం ఆ దూరంగా దగ్గింది నేనే, నా సంగతి అడగరా అన్నారు. ఆవిడ దగ్గరా ఒప్పుకోలు రికార్డు చేసుకున్నాం. శనివారం 5కి పని దిగం కదా, మేమెట్టా వస్తామని అడిగారు. మా సార్‌తో మాట్లాడాం, ఆదివారం పొద్దున ఇంకో షో వాళ్ళ కోసం వేస్తామన్నారు. యాడ్‌లో అది చెప్పాలా?

పున్నమ్మతోట పాతగొంతు
యాడ్‌లో వద్దు, రెండు వేళలు చెబితే ఏదీ గుర్తుండదు. వాళ్ళకి మీరే వెళ్ళి చెప్పండి, ఆటో కూడా మాట్లాడండి.

బెజవాడ ఎఫ్ఎం పిల్ల
ఎఫ్ఎంలో స్పాట్ అడగాలనుకుంటే రెండు వెర్షన్లూ, టైపు చేసిన స్క్రిప్టూ గురువారంలోపు స్టేషన్‌కి చేర్చండి. ఫైలు పేరులో 29 సెకన్లని, తేదీని వేయండి. శుక్రవారం ఇస్తే ఎవరూ వినరు.